లింకను, డగ్లసు, వేదికపై చోటులేనివారు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నాలుగేండ్లకొకసారి అధ్యక్షపదవి నాశించు ఇరువురు ఒక వేదికపై నిలిచి, దేశమంతయు చూచుచుండగా ఒకరి మాటను మరియొకరు ఖండించుకొనుట నేడు లోకమంతట తెలిసిన వేడుక. ఆ దేశపు రాజ్యాంగముతోపాటు ఈ యాచారము కూడ పుట్టినదని తలచువారు పెక్కుమంది కలరు గాని అది నిజము కాదు. జార్జి వాషింగ్టను పదవీస్వీకారము చేసిన 1789 మొదలుకొని 1960 వరకు, అనగా నూటడెబ్బది సంవత్సరములకు పైగా, రెండు ప్రధానపక్షముల అధ్యక్షాభ్యర్థులు ఎన్నడును ముఖాముఖి నిలిచి వాదించి యెరుగరు. ఐనను ఈ యాచారమునకు మూలపురుషు లెవరని యడిగినచో అచ్చటి బడిపిల్లవాడు సైతము లింకను, డగ్లసు అను రెండు పేర్లను తడుముకొనకుండ చెప్పును. వారు వాదించినది 1858లో; అదియును అధ్యక్షపదవికి కాదు, ఇల్లినాయ్ రాష్ట్రపు సెనేటు స్థానమునకు. ఏడు పట్టణములలో ఏడుసార్లు, ఒక్కొక్కసారి మూడేసి గంటలు, వారిరువురు తర్కించిన విషయము ఇంచుమించుగా ఒక్కటే: నల్లజాతివారి దాస్యము. ఆ వాదములను ప్రజాస్వామ్యమునకు మకుటాయమానములని పొగడిన గ్రంథములు అసంఖ్యాకములు. పొగడ్తలో అసత్యము లేదు. కాని ఎవరిని గూర్చి ఇరువదియొక్క గంటలపాటు ఆ వేదికలపై మాటలాడిరో, ఆ జనము అప్పుడెక్కడ నుండెను, వారికి మాటలాడు హక్కు ఏమాత్రము కలదు, అను ప్రశ్న వేసికొనక ఆ చరిత్రను చదువుట సగము చదువుటయే యగును.

అంతకు నాలుగేండ్ల ముందు జరిగిన దానితో ఈ కథ మొదలగుచున్నది. 1820లో కుదిరిన మిస్సోరీ రాజీ ప్రకారము, ఫ్రాన్సు వలన కొనిన పశ్చిమభూములలో 36 డిగ్రీల 30 నిమిషముల అక్షాంశమునకు ఉత్తరమున, మిస్సోరీ తప్ప మరెక్కడను బానిసత్వము ప్రవేశింపరాదు. సెనేటులో కొత్త ప్రాంతముల వ్యవహారములను చూచు సంఘమునకు అధ్యక్షుడైన స్టీఫెను డగ్లసు, 1854లో కాన్సాసు–నెబ్రాస్కా చట్టమును నెగ్గించి, ఆ గీతను చెరిపివేసెను. బానిసత్వము కావలెనో వలదో ఆయా ప్రాంతముల ప్రజలే నిర్ణయించుకొందురని ఆయన సిద్ధాంతము. దానికి ప్రజాధిపత్యమని పేరు. వినుటకు ఇంతకంటె న్యాయమైన మాట వేరొకటి యుండదు. అయితే ఆ ప్రజలలో బానిస లెక్కకు రాడు. ఎవని మెడకు సంకెల వేయుదురో వానిని విడిచి, తక్కినవారందరును ఓటు వేసి ఆ సంకెలను గూర్చి తీర్మానింతురు.

కాన్సాసులో బానిసత్వమును కోరువారును వలదనువారును ఆయుధములు పట్టి ఒండొరులను చంపుకొనుచుండగానే, 1857 మార్చి 6న సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రోజరు టానీ డ్రెడ్ స్కాట్ అను బానిస వేసిన వ్యాజ్యములో తీర్పు చదివెను. నల్లజాతివారు ఆ దేశపౌరులు కానేరరనియు, కొత్త ప్రాంతములలో బానిసత్వమును నిషేధించు అధికారము కాంగ్రెసునకు లేదనియు ఆ తీర్పు సారాంశము. డ్రెడ్ స్కాట్ తన యజమానియైన సైనికవైద్యుని వెంట కొంతకాలము ఇల్లినాయ్‌లోని రాక్ ఐలండులో నివసించినవాడు. బానిసత్వము లేని నేలపై నివసించితిని గనుక స్వతంత్రుడనని ఆయన కోర్టుకెక్కెను. తీర్పు డగ్లసునకు చిక్కు తెచ్చిపెట్టినది. కాంగ్రెసే నిషేధింపజాలనిచో, కాంగ్రెసు సృష్టించిన ప్రాంతములోని ప్రజలు మాత్రమెట్లు నిషేధింతురు? ప్రజాధిపత్యమునకు మిగిలినదేమి? ఈ ముడిని పట్టుకొనియే లింకను ఆయనను ఊరూర నిలదీసెను.

ఇరువురి నడుమ గల భేదము కంటికే తెలియునది. లింకను ఆరడుగుల నాలుగంగుళముల పొడగరి. డగ్లసు ఐదడుగుల నాలుగంగుళములవాడు, బలిసిన మెడ, గంభీరమైన కంఠము గలవాడు, కావుననే ఆయనను చిన్న రాక్షసుడని అభిమానులు ముద్దుగా పిలుచుచుండిరి. డగ్లసు ఇరువదియేడేండ్లకే రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తియై, 1847 నుండి సెనేటులో వెలుగుచున్న మహానాయకుడు. లింకను ప్రతినిధుల సభలో రెండేండ్లు మాత్రము కూర్చుండి, తిరిగివచ్చి స్ప్రింగ్‌ఫీల్డులో వకీలు వృత్తి చేసికొనుచున్నవాడు. పేరు లేనివాడు పేరుగలవానిని వాదమునకు పిలుచుట సహజము. పేరుగలవాడు ఒప్పుకొనుటయే విశేషము. జూలై 24న లింకను సవాలు పంపెను. చికాగోలోను స్ప్రింగ్‌ఫీల్డులోను ఇరువురును అప్పటికే ఉపన్యసించి యుండుటచే, తొమ్మిది కాంగ్రెసు నియోజకవర్గములలో తక్కిన ఏడింటను ఒక్కొక్క సభ జరుపుటకు డగ్లసు అంగీకరించెను. మొదట మాటలాడువానికి ఒక గంట, ప్రత్యర్థికి గంటన్నర, తిరిగి మొదటివానికి అరగంట. ప్రశ్నలు వేయు మధ్యవర్తి లేడు, గంట మ్రోగించువాడు లేడు. గడియారము, మర్యాద, ఇవి రెండే అదుపు.

ఒక సంగతి నేటి పాఠకునకు వింతగా తోచును. ఆ సభలకు వచ్చినవారెవ్వరును లింకనునకు గాని డగ్లసునకు గాని ఓటు వేయుటకు వీలులేదు. 1913లో పదునేడవ సవరణ అమలులోనికి వచ్చువరకు సెనేటు సభ్యులను రాష్ట్ర శాసనసభలే ఎన్నుకొనుచుండెడివి. ప్రజలు శాసనసభ్యుల నెన్నుకొందురు, వారు సెనేటరు నెన్నుకొందురు. ఐనను ఆ జనసందోహము నాపగలవారు లేకపోయిరి. ఆగస్టు 21న ఆటవాలో పదివేలకు పైగా, 27న ఫ్రీపోర్టులో అంతకంటె మిక్కిలిగా జనులు చేరిరి. పొలముల నుండి బండ్లమీద, గుఱ్ఱములమీద, ప్రత్యేకపు రైళ్ళమీద వచ్చి, ధూళిలో నిలువబడి, మూడు గంటలు రాజ్యాంగసూత్రముల మీమాంస వినిరి. బ్యాండుమేళములు, జెండాలు, ఫిరంగి మ్రోతలు, పిండివంటలమ్మువారు, త్రాగి తగవులాడువారు, అంతయు తిరునాళ్ళవలె నుండెడిది. డగ్లసు ప్రత్యేకమైన రైలుపెట్టెలో, వెనుక బల్లపెట్టెపై ఫిరంగి నెక్కించుకొని, ఊరు సమీపించినప్పుడెల్ల దానిని ప్రేల్చుచు వచ్చుచుండెను. లింకను తరచుగా అందరితోపాటు సామాన్యపు పెట్టెలోనే కూర్చుండి ప్రయాణము చేసెను.

పత్రికలవారి సంగతి కొంత వివరముగా చెప్పవలసియున్నది. పిట్‌మను సంక్షిప్తలిపి అప్పటికి వాడుకలోనికి వచ్చుటచే, అమెరికా రాజకీయములలో బహిరంగసభా ప్రసంగములను మాట పోకుండ వ్రాసికొని మరుసటి దినములలోనే అచ్చువేయుట ఈ వాదములతో ప్రాబల్యమునకు వచ్చెను. లింకను పక్షపు ప్రెస్ అండ్ ట్రిబ్యూను కొరకు రాబర్టు హిట్టు, డగ్లసు పక్షపు చికాగో టైమ్సు కొరకు హెన్రీ బిన్‌మోరు, జేమ్సు షెరిడను వ్రాసికొనిరి. ఫ్రీపోర్టులో లింకను మాట మొదలుపెట్టబోయి, హిట్టు ఎక్కడని వెదకగా, గుంపులో చిక్కుకొనిన యాతనిని జనులు తలలమీదుగా వేదికకు చేరవేసిరని చెప్పుకొందురు. ఈ ప్రతులు రైలు మీద చికాగో చేరి అచ్చగుటలో ఒక చమత్కారము కలదు. ఏ పత్రికకాపత్రిక తనవాని ప్రసంగమును దిద్ది తీర్చి, ఎదుటివాని ప్రసంగమును తడబాట్లతో సహా, ఒక్కొక్కప్పుడు మరికొన్ని తడబాట్లు చేర్చి, ప్రకటించుచుండెను. ట్రిబ్యూను చదివినవానికి డగ్లసు మదించిన వదరుబోతుగను, టైమ్సు చదివినవానికి లింకను వ్యాకరణము తెలియని పల్లెటూరివానిగను కనబడిరి. పత్రికలు పక్షములకు అమ్ముడుపోవుట నిన్నమొన్నటి దుర్గుణమని విలపించువారు ఆ రెండు పత్రికల ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టుకొని చదువుట మంచిది.

ఇక ఆ రాష్ట్రపు స్వరూపమెట్టిది? ఇల్లినాయ్ బానిసత్వము లేని రాష్ట్రమని పేరే గాని, నల్లజాతివారి యెడ దాని చట్టములు అతికఠినములు. వారికి ఓటు లేదు, జ్యూరీలో చోటులేదు, తెల్లవానిపై సాక్ష్యము చెప్పు అధికారము లేదు. 1848 నాటి రాష్ట్ర రాజ్యాంగమే స్వతంత్రులైన నల్లజాతివారి వలసను నిరోధింపుమని శాసనసభ కాజ్ఞాపించెను. 1853లో జాను లోగను అను యువశాసనసభ్యుని పూనికపై ఒక చట్టము వచ్చినది: పరరాష్ట్రము నుండి వచ్చి పది దినములకు మించి నిలిచిన నల్లజాతివానికి 50 డాలర్ల జుర్మానా, చెల్లింపలేనిచో వాని చాకిరిని వేలము వేయవచ్చును. బానిసత్వమునకు ఆశ్రయమియ్యని రాష్ట్రములో మనుష్యుని వేలము వేయుటకు చట్టమున్నదన్నమాట. చికాగోలో దర్జీపని చేసి ధనవంతుడైన జాను జోన్సు అను నల్లజాతి వర్తకుడు ఈ చట్టములను రద్దుచేయించుటకు ఏండ్ల తరబడి విన్నపములు సమర్పించుచు, తన యింట పారిపోయివచ్చిన బానిసలకు ఆశ్రయమిచ్చుచుండెను. ఏడు వాదములలో ఒక్కదానియందును ఆయన మాటలాడుటకు అవకాశము లేదు. ఉండునని ఎవరును ఊహించియును ఉండరు.

ఈ నేలపై నిలిచి డగ్లసు వాడిన ఆయుధము ఒక్కటే. అది మొదటినుండి చివరివరకు పదును కోల్పోలేదు. ఈ ప్రభుత్వము తెల్లవారిచే తెల్లవారి కొరకు ఏర్పడినది, స్వాతంత్ర్యప్రకటనలో మనుష్యులందరును సమానులన్నప్పుడు నల్లజాతివారు అందులో చేరలేదు, లింకను గెలిచినచో వారు మీ పొలములను ఆక్రమింతురు, మీతో సమానముగా ఓటు వేయుదురు, అని ఆయన ఆటవాలో ఎలుగెత్తి చెప్పగా సభ కేకలతో నిండెను. ఫ్రీపోర్టులో ఆయన మరియొక మెట్టు దిగి, వెనుకటి యొక సభనాడు ఫ్రెడరిక్ డగ్లసు అను నల్లజాతి వక్త తెల్లజాతి స్త్రీలతో ఒకే బండిలో కూర్చుండి వచ్చుటను కన్నులార చూచితినని వర్ణించెను. బానిసత్వము నుండి తప్పించుకొని వచ్చి, స్వయముగా చదువుకొని, పత్రిక నడిపి, ఆ శతాబ్దపు మహావక్తలలో నొకడైన ఫ్రెడరిక్ డగ్లసు ఆ విధముగా పేరు మాత్రముగా, భయపెట్టు బొమ్మగా, ఆ వేదిక నెక్కెను. ఒక ప్రాంతపు ప్రజలు బానిసత్వమును చట్టసమ్మతముగా నిషేధింపగలరా యను తన ప్రసిద్ధ ప్రశ్నను లింకను ఆ ఫ్రీపోర్టులోనే వేసెను. స్థానికులు బానిసత్వమునకు అనుకూలమైన పోలీసు నిబంధనలు చేయకున్నచో కోర్టు తీర్పున్నను అది యచ్చట నిలువదని డగ్లసు బదులు చెప్పెను. ఈ బదులు ఆయనకు ఇల్లినాయ్‌లో మేలు చేసినది, దక్షిణ రాష్ట్రములలో తీరని అపనమ్మకము తెచ్చినది.

లింకను ఆటవాలో చెప్పినది ఉదాత్తమైనది. తన చేతితో సంపాదించిన రొట్టెను ఇతరుల యనుమతి లేకుండ తినుటకు నల్లజాతివాడు నాతోను, న్యాయమూర్తి డగ్లసుతోను, జీవించియున్న ప్రతి మనుష్యునితోను సమానుడే యని ఆయన వాదము. కాని సెప్టెంబరు 15న దక్షిణకొసనున్న జోన్సుబరోలో సభ యగుసరికి గాలి మారినది. అది కెంటకీ, టెనెస్సీల నుండి వలసవచ్చినవారి సీమ. జనులును మిక్కిలి తక్కువగా వచ్చిరి. మూడు దినముల తరువాత, 18వ తేదీన, చార్లెస్టనులో లింకనుదే తొలి ప్రసంగము. ఆయన మొదలుపెట్టుటయే సంజాయిషీతో మొదలుపెట్టెను: తెల్ల నల్ల జాతులకు సాంఘికముగా గాని రాజకీయముగా గాని సమానత్వము కల్పించుటకు తానెన్నడును అనుకూలుడు కాననియు, నల్లజాతివారిని ఓటర్లుగా, జ్యూరీ సభ్యులుగా, ఉద్యోగులుగా చేయుటకును తెల్లవారితో వివాహములకును ఒప్పుకొనననియు, రెండు జాతులు కలిసియుండునంతవరకు ఒకటి పైని ఒకటి క్రింద ఉండవలసినదే యైనచో పైస్థానము తెల్లవారికే యుండవలెనని ఎవ్వరికిని తీసిపోకుండ తానును కోరుదుననియు చెప్పెను. జనులు చప్పట్లు కొట్టిరి.

డ్రెడ్ స్కాట్ ఆ ముందటి దినమే, సెప్టెంబరు 17న, సెయింట్ లూయిసులో క్షయతో మరణించెను. తీర్పు వచ్చిన కొలది నెలలలోనే ఆయనను పూర్వయజమాని కుటుంబమువారు విడుదల చేయగా, ఒక హోటలులో కూలిగా పనిచేసి, సంవత్సరము పైచిలుకు మాత్రమే స్వతంత్రుడై జీవించెను. ఆయన పేరు గల తీర్పును గూర్చి ఆ శరత్తునంతయు ఇల్లినాయ్ మారుమ్రోగుచుండగా మనిషి పోయినవార్త వాదములలో వినబడలేదు. చార్లెస్టనునకు మరియొక జ్ఞాపకము కూడ కలదు. అది కోల్సు కౌంటీ ముఖ్యపట్టణము. లింకను తండ్రిని పాతిపెట్టినది ఆ కౌంటీ మట్టిలోనే. పదునొకండేండ్ల క్రిందట, 1847లో, కెంటకీ భూస్వామి రాబర్టు మాట్సను తన పొలముపని కొరకు ఇల్లినాయ్ తెచ్చిన జేను బ్రయంటు అను బానిసస్త్రీ, ఆమె బిడ్డలు స్వేచ్ఛ కోరి ఎదురుతిరుగగా, వారిని తిరిగి తనకు ఇప్పింపుమని మాట్సను తరపున వాదించిన వకీళ్ళలో అబ్రహాము లింకను ఒకడు. ఆయన ఓడిపోయెను, వారు విముక్తులైరి. ఆ ఓటమిని లింకను జీవితములోని శుభములలో నొకటిగా నేను పరిగణింతును.

చార్లెస్టను ప్రసంగమును గూర్చి రెండు తెగలవారు నేటికిని తగవులాడుచున్నారు. అది ఓట్లకొరకై చెప్పిన మాట మాత్రమే, మనసులోని మాట కాదని ఒకరు. అదియే ఆయన నిజరూపము, తక్కినదంతయు పైపూతయని మరియొకరు. నాకు రెండును అంగీకారములు కావు. మనసులో లేనిదైనచో ప్రజలయెదుట దానిని చెప్పినందులకు దోషము పెరుగునే గాని తగ్గదు; నిజరూపమే యైనచో, ఏడేండ్లలో ఆయన ఎచ్చటికి చేరెనో చెప్పుటకు వీలుండదు. చార్లెస్టను ప్రసంగము ఆయన నాటి సరిహద్దు. అంతకంటె ముందునకు పోవుటకు తనకు గాని తన పక్షమునకు గాని ధైర్యము చాలదని ఆయన యెరుగును. ఆ సరిహద్దును ఆనాడే వ్రేలుపెట్టి చూపినవాడు ఇంకొక డగ్లసు. హెచ్. ఫోర్డు డగ్లసు అను నల్లజాతి ఉపన్యాసకుడు, వర్జీనియాలో బానిసగా పుట్టి తప్పించుకొని వచ్చి చికాగోలో నివసించినవాడు, 1860 జూలై 4న మాసచూసెట్సులోని ఫ్రామింగ్‌హాము సభలో ఈ సంగతి బయటపెట్టెను: నల్లజాతివారు తెల్లవారిపై సాక్ష్యము చెప్పరాదను చట్టమును రద్దుచేయుటకై తయారుచేసిన విన్నపముపై చేవ్రాలు చేయుమని 1858లో తాను లింకనును స్వయముగా అడుగగా ఆయన నిరాకరించెనట. ముగ్గురు డగ్లసులలో వేదికపై మాటలాడు హక్కు ఒక్కనికే. తక్కిన యిరువురిలో ఒకరు నిందకు వస్తువు, ఒకరు తిరస్కృతమైన కాగితము పట్టుకొని వాకిట నిలిచినవాడు.

డగ్లసు వైపు చూచిన కథ మరింత చీకటి. ఆయన తొలిభార్యకు తండ్రివలన మిసిసిపీలో నూరుమందికి పైగా బానిసలతో కూడిన పత్తితోట సంక్రమించెను. ఆమె పోయిన పిదప అది కుమారులపేర నుండగా, దాని యాదాయములో నూటికి ఇరువది వంతులు నిర్వాహకుడుగా ఆయనకు చెల్లుచుండెను. బానిసత్వము నిలిచినను కూలినను తనకు పట్టదని సభలలో చెప్పినవాని యింటిలెక్క అది.

అక్టోబరులో గేల్సుబర్గు, క్విన్సీ, ఆల్టను సభలు జరిగెను. నాక్సు కళాశాల గోడ నానుకొని వేసిన గేల్సుబర్గు వేదికపై లింకను స్వరము హెచ్చెను. బానిసత్వము తప్పని తలచువారికిని, తప్పని తలపనివారికిని నడుమనున్నదే నిజమైన భేదమని ఆయన అచ్చటినుండి నొక్కి చెప్పసాగెను. చట్టముల చిక్కుముడుల నుండి వాదము ధర్మవిషయమునకు వచ్చినది ఈ మూడు సభలలోనే. ఇవియే నేటికిని చదువదగినవి. క్విన్సీ నుండి ఇరువురును ఒకే ఆవిరిపడవపై మిసిసిపీ నదిమీదుగా ఆల్టను చేరిరి. ఆ పట్టణములోనే 1837 నవంబరు 7న, బానిసత్వమునకు ప్రతికూలముగా వ్రాయుచుండిన ఎలైజా లవ్‌జాయ్ అను సంపాదకుని, ఆయన ముద్రణయంత్రమును కాపాడుకొనబోగా, అల్లరిమూక కాల్చి చంపెను. అక్టోబరు 15న ఆ యూరిలో నిలిచి, ఒకడు శ్రమించి సంపాదింపగా మరియొకడు తినుట రాజులు చేసినను ఒక జాతి మరియొక జాతిపట్ల చేసినను ఒకే నిరంకుశత్వమని లింకను చెప్పెను.

లింకను పక్షమైన రిపబ్లికనులకు రాష్ట్రములో ఓట్లు కొంచెము హెచ్చుగా వచ్చినను, శాసనసభ స్థానముల పంపిణీ డగ్లసు పక్షమునకు అనుకూలముగా నుండుటచే, 1859 జనవరి 5న 54 ఓట్లతో డగ్లసే సెనేటునకు తిరిగి యెన్నికయ్యెను, లింకనునకు 46. ఓడినవాడు పత్రికల నుండి ప్రసంగములను కత్తిరించి ఒక పుస్తకములో అతికించుకొనెను. అది 1860లో ఒహాయోలోని కొలంబసులో అచ్చై వేలకొలది ప్రతులు చెల్లిపోయెను. ఆ యేడు అధ్యక్షపదవికి నలుగురు పోటీచేసిరి. డగ్లసు, లింకను ఇరువురును అందులోనివారే. వారు మరల వాదించుకొనలేదు. అధ్యక్షపదవి తనంత తాను మనిషిని వెదకికొని రావలెను గాని మనిషి దానిని దేవిరింపరాదని ఆనాటి మర్యాద. లింకను స్ప్రింగ్‌ఫీల్డు విడువలేదు, డగ్లసు మాత్రము మర్యాద మీరి దేశమంతయు తిరిగెను. నూటికి నలువది వంతుల ఓట్లతో, పది దక్షిణ రాష్ట్రములలో ఓటు చీటిపై పేరైన లేకుండ, లింకను గెలిచెను. వాదము ముగిసి అంతర్యుద్ధము మొదలయ్యెను.

లింకనును మార్చినవి డగ్లసు యుక్తులు కావు. యుద్ధములో లక్షా ఎనుబదివేలమంది నల్లజాతివారు సైనికులైరి, హెచ్. ఫోర్డు డగ్లసు కూడ ఇల్లినాయ్ దళములో చేరెను. 1863 ఆగస్టులో ఫ్రెడరిక్ డగ్లసు శ్వేతసౌధమునకు పోయి, నల్లసైనికులకు సమానవేతనము లేదేమని అధ్యక్షుని ముఖాముఖి అడిగెను. 1858లో బొమ్మగా వేదికనెక్కినవాడు ఐదేండ్లకు మనిషిగా ఎదుట కూర్చుండెనన్నమాట. ఈ ముఖాముఖికి సంక్షిప్తలిపి లేఖకులు లేకపోవుట చరిత్రకు నష్టము. 1865 ఏప్రిలు 11న శ్వేతసౌధపు కిటికీనుండి చేసిన తన కడపటి ప్రసంగములో, చదువుకొనిన నల్లజాతివారికిని సైనికులకును ఓటు ఇచ్చుట మేలని లింకను బహిరంగముగా చెప్పెను. ఆ గుంపులో నిలిచి వినినవారిలో జాను విల్క్సు బూతు ఒకడు. మూడు దినములకు వాడు ఆయనను కాల్చెను. ఆ సంవత్సరమే ఫిబ్రవరిలో ఇల్లినాయ్ తన నల్లచట్టములను రద్దుచేసెను. 1871లో జాను జోన్సు కుక్ కౌంటీ పాలకమండలికి ఎన్నికయ్యెను.

తరువాతి కథ తెలిసినదే. 1865, 1868, 1870 సవరణలు దాస్యమును తొలగించి, పౌరత్వమును, ఓటును ఇచ్చెను. 1877లో సైన్యము దక్షిణము విడిచిన పిదప, తలపన్ను, చదువుపరీక్ష, రాజ్యాంగము చదివి అర్థము చెప్పవలెనను నిబంధన మొదలైనవాటితో ఆ ఓటును మరల లాగుకొనిరి; 1890 నాటి మిసిసిపీ రాజ్యాంగము ఇందులకు మార్గదర్శి. దక్షిణమునందంతట ఒకే పక్షము ఏలుచుండగా, ఓటులేనివారి బాధను గూర్చి అధ్యక్షాభ్యర్థులకు వాదించుకొను అవసరమే లేకపోయెను. నూరేండ్ల మౌనమునకు ఇదియు ఒక కారణమని నా యభిప్రాయము.

ఆ మౌనము తొలగినది కూడ ఇల్లినాయ్‌లోనే. 1960 సెప్టెంబరు 26న చికాగో టెలివిజను కేంద్రములో కెనెడీ, నిక్సను ఎదురెదురుగ నిలువగా సుమారు ఏడుకోట్లమంది చూచిరి. కెనెడీ తన తొలిమాటలలోనే 1860 నాటి లింకనును స్మరించి, నల్లజాతి శిశువునకు ఉన్నతపాఠశాల చదువు ముగించు అవకాశము తెల్లశిశువునకున్న దానిలో సగమేయని చెప్పెను. మెచ్చదగిన మాట. కాని ఆ ఎన్నికలో నల్లజాతివారి నెక్కువగా కదిలించినది వేదికపై చెప్పినది కాదు. అక్టోబరు 19న అట్లాంటాలోని ఒక దుకాణపు భోజనశాలలో సత్యాగ్రహము చేసిన మార్టిను లూథరు కింగును నిర్బంధించి, పాత వాహనచోదన కేసును తిరగదోడి, నాలుగు నెలల కఠినశిక్ష వేసి పంపిరి. ఆయన నిర్బంధమైన రెండు దినములకు జరిగిన నాలుగవ వాదము విదేశాంగనీతికి కేటాయించినది. 26న కెనెడీ కింగు భార్యకు ఫోను చేసి ఓదార్చెను. ఆయన తమ్ముడు న్యాయమూర్తితో మాటలాడెను. మరునాడు కింగు విడుదలయ్యెను. నిక్సను మౌనము వహించెను. ఇల్లినాయ్‌ను కెనెడీ తొమ్మిదివేల లోపు ఆధిక్యముతో గెలిచెను.

1965 ఆగస్టు 6న ఓటుహక్కు చట్టమును, అక్టోబరు 3న వలసల చట్టమును అధ్యక్షుడు జాన్సను ఒకే ఉద్యమపు వెల్లువలో సంతకము చేసెను. ఈ రెండవదానితో మనకు సంబంధము కలదు. 1923లో భగత్ సింగ్ థిండు వ్యాజ్యములో, భారతీయులు తెల్లవారు కారు గనుక పౌరులు కానేరరని సుప్రీంకోర్టు చెప్పునప్పటికి, మన తెలుగు వైద్యశాస్త్రజ్ఞులు యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టను చేరి కొలది నెలలైనది. 1946 వరకు ఆ తలుపు తెరువబడలేదు. ఆ పిమ్మటను భారతీయులకు ఏటికి నూరుమందియే పరిమితి. నేడు డాలసులో, న్యూజెర్సీలో తెలుగువారు వీధులకు వీధులుగా నివసించుటకు మార్గము తీసినది 1965 చట్టము. దానికి దారితీసినది నల్లజాతివారి పోరాటము. ఈ ఋణము మనవారిలో చాలమందికి జ్ఞాపకము లేదు.

1976లో వాదములు మరల మొదలై ఆచారముగా స్థిరపడెను. 1992లో అంతర్యుద్ధమునాటి తిరుగుబాటు రాష్ట్రముల రాజధానియైన రిచ్మండులో కారొల్ సింప్సను అను నల్లజాతి విలేఖరి మధ్యవర్తిగా నిలిచెను. లింకను ఉపన్యసించిన స్ప్రింగ్‌ఫీల్డు పాత శాసనసభాభవనము ముందే 2007లో బరాకు ఒబామా తన అభ్యర్థిత్వమును ప్రకటించెను. 2008లో ఆయన తొలివాదము మిసిసిపీ విశ్వవిద్యాలయములో జరిగెను. 1962లో జేమ్సు మెరెడిత్ అను ఒక్క నల్లజాతి విద్యార్థి చేరుటకై సైన్యము రావలసివచ్చి ఇద్దరు మరణించిన చోటు అది. అట్టి చోట, అట్టి అభ్యర్థితో, ఆ రాత్రికి నిర్ణయించిన విషయము విదేశాంగనీతి, భద్రత! ఎదుట నున్నదానిని చూడకుండుటయు ఒక కళయే.

2020 అక్టోబరు 22న నాష్‌విల్లులో ట్రంపు, బైడెను వాదించిరి. 1858లో ఎదుటివాని మాట గంటన్నర మౌనముగా వినిన దేశములో, రెండేసి నిమిషముల జవాబునకు ఎదుటివాని మైకు నోరు మూయవలసి వచ్చెను. ఆ యేటి మే నెలలో మినియాపొలిసులో పోలీసు చేతిలో జార్జి ఫ్లాయిడు అను నల్లజాతివాడు మరణించుటవలన దేశమంతట రగిలిన మంట ఇంకను చల్లారలేదు. మధ్యవర్తి జాతివిషయమును గూర్చి అడుగగా, బహుశః లింకను తప్ప మరెవ్వరును నల్లజాతివారికి తనంత మేలు చేయలేదని ట్రంపు చెప్పుకొనెను; ఇదిగో మన అబ్రహాము లింకను అని బైడెను వెటకరించెను. ఇరువురిలో ఎవ్వరును ఏ లింకనో చెప్పలేదు. కావున పాఠకుడు ఆ పనిని స్వయముగా చేసికొనవలెను: చార్లెస్టను ప్రసంగమును, ఆల్టను ప్రసంగమును, 1865 ఏప్రిలు 11 నాటి ప్రసంగమును ఒకే కూర్చుండుటలో చదివి, ఆ వెంటనే ఫ్రామింగ్‌హాములో హెచ్. ఫోర్డు డగ్లసు పలికినదానిని కూడ చదువుడు.